కప్పు మీద నాలుగొందల మంది

"ఏజెంట్ నెమలి మన మనిషి కాదు. వాళ్ల మనిషి." చెవిలోని రిసీవర్లో చీఫ్ గొంతు.

ఫిట్టర్ వేషంలో మెట్లెక్కుతున్న ఏజెంట్ తొమ్మిది ఆగిపోయాడు. పొద్దున క్రేన్ కేబిన్ పాస్ ఆమె చేతిలో పెట్టింది తనే.

"బాంబు ఎక్కడ సార్?"

"నీలం పరుపులో. చెత్త లారీలో లోపలికొచ్చేసింది. మంట తగిలితే పేలుతుంది. ఈ ప్లాంటు లేచిపోతే ఇక ఏ నగరమూ ఇలాంటిది కట్టదు. ఆ విదేశీ ఆయిల్ ముఠాకి కావాల్సిందదే."

"పైన పిల్లలున్నారు."

"నాలుగొందల మంది. దించడానికి ఇరవై నిమిషాలు కావాలి. మనకంత టైమ్ లేదు."

ఊరి చెత్తని కాల్చి కరెంటు తీసే ఆ ప్లాంటు ఏటవాలు కప్పే ఊరి పిల్లలకి జారుడు మైదానం. సెలవు రోజు. కేరింతలు కింది దాకా వినిపిస్తున్నాయి. అందులో ఒక గొంతు అతని ఏడేళ్ల కూతురిది.

పరుగెత్తాడు. కేబిన్ తలుపు తన్నాడు.

క్రేన్ నడిపే పెద్దావిడ కణతకి నెమలి పిస్టల్ ఆనించి ఉంది. "లేటయింది డియర్. పరుపు ఫర్నేస్ గొట్టంలో వేయించేశాను. నా కారు స్టార్టింగ్‌లో ఉంది."

పిస్టల్ అతని వైపు తిరిగింది. అతను వాచీ నొక్కాడు. మత్తు సూది మెడలో దిగి, నెమలి నవ్వుతూనే ఒరిగిపోయింది.

అతనూ కేబిన్ అద్దానికి జారగిలబడ్డాడు. అంతా అయిపోయింది. "పైన నా కూతురుంది అక్కా..."

"ముందు లే బాబూ, అద్దానికి అడ్డం తప్పుకో." పెద్దావిడ కళ్లజోడు సర్దుకుంది. "పరుపు కిందికి దిగదు. గొట్టంలో ఇరుక్కుంటుంది. అందుకే మేమెప్పుడూ పరుపులు వేయం. కాకపోతే దాని కింద చెత్త కాలిపోతోంది. ఖాళీ అయిందంటే మంట పైకి ఎగబాకుతుంది."

క్రేన్ ఇనుప పంజా గొట్టంలోకి దిగింది. జారింది. మళ్లీ దిగింది. జారింది. గొట్టం అంచున ఎర్రటి వెలుగు కనబడింది.

మూడోసారి పట్టు చిక్కింది. అంచు మాడి పొగలు కక్కుతున్న పరుపుని పెద్దావిడ తడి చెత్తలో ముంచి పెట్టింది.

అతను కింద పడున్న నెమలి పిస్టల్ తీసి జేబులో పెట్టుకున్నాడు. "ఇరుక్కుంటుందని ఆవిడతో అనలేదేం అక్కా?"

"పక్కనే ముక్కలు చేసే మిషనుంది. చెప్తే, కోసి వేయమనేది కదా?"