మాస్టారు ఫోన్ చేశారు

ఎమ్మెల్యే సువర్ణరాజు మాస్టారు పోయి ఐదు నెలలైనా, ఆయన సెల్‌ఫోను మాత్రం ఇంకా పోలేదు. భార్య విజయరాణి రోజూ పొద్దున ప్రార్థన కాగానే దాన్ని చార్జింగులో పెడుతుంది. ఎందుకంటే "ఎవరన్నా చేస్తారేమోనని" అంటుంది. రెండుసార్లు గెలిచిన మనిషి ఫోనుకి ఇప్పుడు రీచార్జి చేయించుకోమనే కంపెనీవాళ్ళు తప్ప ఎవరూ చెయ్యరని ఆవిడకి తెలియక కాదు. పదవితో వచ్చిన చుట్టాలు పాడెతోనే పోతారు, లోకం తీరే అంత.

ఆ మంగళవారం పొద్దున ఏడింటికి ఆవిడ వంటింట్లో ఇడ్లీలు వేస్తోంది. నూజివీడు చుట్టుపక్కల తోటల్లో కోతలు జోరుగా ఉన్న రోజులు. వాళ్ళ తోటలో కూడా తెల్లారకముందే మనుషులు దిగారు, మామిడి సొన వాసన వంటింటి దాకా వస్తోంది. ఫోను మోగింది. ఏదో కొత్త నంబరు. చెయ్యి తుడుచుకుని ఎత్తింది.

"నమస్కారం సువర్ణరాజు గారూ! నేను మీ సువర్ణరాజు మాస్టార్ని మాట్లాడుతున్నాను. ఒంట్లో ఎలా ఉంది?"

అదే గొంతు. మాట మొదలెట్టే ముందు చిన్నగా సవరించుకోవడం కూడా అదే.

"నా వాళ్ళందర్నీ ఒక్కొక్కళ్ళనీ పేరు పెట్టి పిలుస్తున్నాను. వచ్చెయ్యండి. మీకోసం ఎదురుచూస్తూ ఉంటాను."

ఎవరైనా అయితే కెవ్వుమని ఫోను విసిరికొడతారు. విజయరాణి విసరలేదు. అవతల కట్ అయిపోయిన ఫోనుని చెవికి ఇంకా గట్టిగా నొక్కుకుని, "నేను బాగానే ఉన్నానండీ" అంది. పొయ్యి మీద ఇడ్లీపాత్ర అడుగంటిన వాసన వచ్చేదాకా అలాగే నిలబడింది.

బుధవారం ఏడింటికి మళ్ళీ వచ్చింది. గురువారం కూడా. ఆ రెండు రోజులూ ఆవిడ ఆరున్నరకే గది తలుపు వేసుకుని మంచం మీద కూర్చుంది. ఈ సంగతి కూతురితో మాట మాత్రం అనలేదు.

కూతురు షాలోమికి అసలు ఇంట్లో ఉండే తీరిక ఎక్కడిది? డిగ్రీ కాలేజీలో జువాలజీ చెప్పుకునే పిల్ల. తండ్రి పోయాక ఉప ఎన్నిక వస్తే పార్టీవాళ్ళు తెచ్చి టికెట్టు చేతిలో పెట్టారు. పోలింగుకి ఇంక ఆరు రోజులే ఉంది. ప్రచారం చూసే కిరణ్ కుమార్ ముందుగదిలోనే ల్యాప్‌టాప్‌తో మకాం పెట్టాడు. మాటకి ముందు "డేటా" అనకుండా ఉండలేడు, అదో జబ్బు.

శుక్రవారం పొద్దున ఏడు కాకముందే వాకిట్లో ఎవరో పిలిచారు. తలుపు తీస్తే అచ్చమ్మ. చాట్రాయి దగ్గర పల్లెటూరు ఆవిడది. ముప్ఫై ఏళ్ళుగా ఈ తోటలో కాయలు కోసి, ఏరి, షాలోమిని చంకనేసుకుని తిప్పిన మనిషి. ఈ వారం కోతలకి రాలేదేంటా అని విజయరాణి రెండుసార్లు కబురు కూడా పంపింది. ఇప్పుడు చూస్తే కొత్త చీర కట్టుకుని, తల దువ్వుకుని, చేతిలో ఏమీ లేకుండా నిలబడింది. కళ్ళు లోపలికి పోయి, పెదాలు ఎండిపోయి ఉన్నాయి.

"ఏంటి అచ్చమ్మా, పెళ్ళికా?"

"వెళ్ళొస్తానని చెప్పడానికి వచ్చానండి అమ్మగారూ."

"ఎక్కడికి?"

"మాస్టారి దగ్గరికండి."

అచ్చమ్మ హనుమాన్ జంక్షన్‌కి బస్సెక్కబోతున్నంత తాపీగా అరుగు మీద కూర్చుంది.

"మంగళవారం ఫోన్ చేశారండి. అచ్చమ్మ గారూ అన్నారు. పోయినోళ్ళు పేరు పెట్టి పిలిస్తే పలక్కూడదని మా అమ్మ చెప్పేది. నోరు ఊరుకోలేదండి. ఆఁ మాస్టారూ అని పలికేశాను. వచ్చెయ్యండి, ఎదురుచూస్తుంటానన్నారు. నిన్నటితో మూడుసార్లు పిలిచారు. మూడుసార్లూ పలికాను. ఇంకేముందండీ?"

"పిచ్చిదానా! ఆయన పోయినప్పుడు నువ్వు రాలేదూ? నీ చేత్తో పూలు వెయ్యలేదూ?"

"వేశానండి. అందుకే కదండీ చెప్తున్నాను. ఉన్నోళ్ళు పిలిస్తే పనుందని తప్పించుకోవచ్చు. పోయినోళ్ళు పిలిస్తే ఏం చెప్పి తప్పించుకుంటాం? మేకని మా మనవరాలు మౌనికకి ఇచ్చేశాను. కాయలు కోసే చిక్కం కూడా దానికే. మంగళవారం నుంచీ మెతుకు ముట్టలేదండి. కడుపు ఖాళీగా ఉంటే పేణం సులువుగా పోద్దంటారు."

లోపల ఏడింటికి ఫోను మోగింది. మోగి మోగి ఆగిపోయింది. నాలుగు రోజుల్లో మొదటిసారి విజయరాణి దాని వైపు కదల్లేదు. అచ్చమ్మ చెయ్యి పట్టుకుని చూసింది. మే నెల ఉక్కలో కూడా ఆ చెయ్యి చల్లగా ఉంది. మజ్జిగ తెచ్చి నోటికి అందిస్తే అచ్చమ్మ పెదాలు బిగించి మొహం తిప్పేసుకుంది.

తనకొచ్చిన మాటలే అచ్చమ్మకీ వచ్చాయంటే ఇది ప్రచారంవాళ్ళ పనేనని అర్థమై, విజయరాణి విసవిసా ముందుగదిలోకి వచ్చింది. ప్రచారానికి బయల్దేరబోతూ షాలోమి చెప్పులు వేసుకుంటోంది.

"షాలోమీ! మీ నాన్న గొంతుతో ఫోన్లు చేయిస్తున్నది ఎవరు?"

షాలోమి తలెత్తి చూసింది. "నీకెలా తెలుసు?"

"మీ నాన్న నంబరుకే వచ్చింది. మీ నాన్నే మీ నాన్నకి ఫోన్ చేసి ఒంట్లో ఎలా ఉందని అడిగాడు!"

కిరణ్ కుమార్ నాలుక కరుచుకున్నాడు. "సారీ మేడమ్. పాత డేటా. ఆ నంబరు తీసేస్తాం."

"నంబరు కాదు నాయనా, ఆ గొంతు తియ్యి. అయినా రమ్మని పిలవడమేంటి? ఎక్కడికి రమ్మని?"

"మొదటి రౌండులో ఊరించి వదలాలి మేడమ్. సభ ఎప్పుడు, ఎక్కడ అనేది రేపటి రౌండులో చెప్తాం. సెంటిమెంటు బాగా పండుతోంది, జనం ఏడుస్తున్నారు."

"అవతల ఒకావిడ చావడానికి తయారై అరుగు మీద కూర్చుంది!"

విషయం విని షాలోమి కుర్చీలో కూలబడింది. ఐనా అభ్యర్థి కదా, మొండితనం ఒక పట్టాన వదల్లేదు.

"నేనేం చెయ్యనమ్మా? నేను మైకు పట్టుకుంటే జనం నా వెనకాల ఫ్లెక్సీలో నాన్నని చూస్తున్నారు. నా మాట ఎవరికీ ఎక్కడం లేదు. ఓడిపోతే నాన్న ఇరవై ఏళ్ళ కష్టం నా చేతుల్లో పోయినట్టే కదా!"

"గెలుపు కోసం పోయిన మనిషిని లేపి ఊరూరా తిప్పుతావా?"

"మంగళవారం ఫోనొస్తే శుక్రవారం దాకా నువ్వెందుకు ఊరుకున్నావు? రెండు రోజులుగా పొద్దున్నే తలుపు వేసుకుంటున్నావు. విన్నావు కదా? నీకూ కావలసి వచ్చింది కదమ్మా!"

దెబ్బ తగలాల్సిన చోటే తగిలింది. "విన్నానే" అంది విజయరాణి. "రేపు కూడా విందామనుకున్నాను. మంగళవారమే నేను నోరు తెరిచి ఉంటే, ఆ ముసలిదాని పొట్టలో ఇప్పుడు ఇన్ని మెతుకులుండేవి. పద. ఇద్దరం కలిసి చేసిన పాపం ఇది."

తల్లీ కూతుళ్ళు అరుగు మీదికి వచ్చారు. షాలోమి అచ్చమ్మ కాళ్ళ దగ్గర కూర్చుంది.

"పెద్దమ్మా, నిన్ను పిలిచింది నాన్న కాదు. మిషను. ఓట్ల కోసం నేనే చేయించాను."

అచ్చమ్మ జాలిగా నవ్వింది. "నన్ను ఆపుదామని చెప్తున్నావు తల్లీ. ముప్ఫై ఏళ్ళు విన్న గొంతు నాకు తెలీదా?"

ఎంత చెప్పినా వినదే! పైగా కళ్ళు మూసుకుని వెనక్కి వాలిపోతోంది. కిరణ్ కుమార్ గుమ్మంలో నిలబడి నసిగాడు. "మేడమ్... ఏది టైపు చేస్తే అది ఆ గొంతుతోనే పలుకుతుంది. అదే గొంతుతో ఇంటికెళ్ళిపొమ్మని చెప్పిస్తే? ఆవిడ నమ్మేది దాన్నే కదా."

"చెప్పిద్దాం" అంది విజయరాణి. "కానీ అబద్ధం వద్దు. నేను చెప్పినట్టు కొట్టు."

షాలోమి ల్యాప్‌టాప్ ఒళ్ళో పెట్టుకుంది. తల్లి ఒక్కో మాటే చెబుతుంటే టైపు చేసింది. రెండుసార్లు చెరిపి రాసింది. తర్వాత మీట నొక్కింది.

పట్టపగలు, పనివాళ్ళ కేకలు వినిపిస్తున్న ఆ అరుగు మీద, సువర్ణరాజు మాస్టారు గొంతు సవరించుకున్నారు.

"అచ్చమ్మా, నేను సువర్ణరాజుని కాను. ఆయన చనిపోయారు. ఆయన నిన్ను పిలవలేదు. ఇంకెవర్నీ పిలవరు. నేను ఆయన గొంతు పెట్టుకున్న మిషన్ని. ఇది షాలోమి చేయించింది, విజయరాణి విని ఊరుకుంది. నువ్వు అన్నం తిను."

అచ్చమ్మ ల్యాప్‌టాప్‌ని వంగి చూసింది, వెనక్కి తిప్పి చూసింది. "ఇందులో మాస్టారు లేరా?"

"లేరు పెద్దమ్మా."

అప్పుడు ఏడ్చింది అచ్చమ్మ కాదు, విజయరాణి. ఆయన్ని సమాధి చేసిన రోజు కూడా వచ్చినవాళ్ళకి మర్యాదలు చూస్తూ తిరిగిన మనిషి, గోడకి చేరగిలబడి "ఆయన లేరే షాలోమీ, లేరే" అంటూ భోరుమంది. ఆయన పోయారని ఆయన గొంతే చెబితే తప్ప ఆవిడ మనసు నమ్మలేదు. షాలోమి తల్లిని పొదువుకుని తనూ ఏడ్చింది. అచ్చమ్మ ఇద్దరి వీపులూ నిమిరింది.

"కిరణ్ గారూ, ఫోన్లన్నీ ఆపెయ్యండి. ఆ గొంతు కూడా పూర్తిగా తీసెయ్యండి" అంది షాలోమి ముక్కు తుడుచుకుంటూ.

"మేడమ్, అరవై వేల మందికి వెళ్ళింది! వాళ్ళకేం చెప్తారు?"

"మోసం చేశానని సభలో నేనే చెప్తాను."

"ఓడిపోతాం మేడమ్!"

"ఓడిపోతే కాలేజీ ఉంది."

విజయరాణి లేచి వేడన్నంలో పప్పు, నెయ్యి కలిపి తెచ్చింది. అచ్చమ్మ మొదటి ముద్ద భయంభయంగా మింగింది. రెండో ముద్ద నుంచి మాట్లాడకుండా తింది. పళ్ళెం ఖాళీ అయ్యాక చెయ్యి కడుక్కుంటూ షాలోమి వైపు చూసింది.

"ఏదీ, ఇప్పుడు నీ నోటితో అడుగు, వింటాను."

షాలోమి గొంతు ఏడ్చి ఏడ్చి పూడుకుపోయింది. "పెద్దమ్మా, నేను షాలోమిని. నాకు ఓటెయ్యి."

అచ్చమ్మ చెయ్యి కొంగుకి తుడుచుకుని, ఆ పిల్లని పైనుంచి కిందిదాకా చూసింది.

"ఆలోచించి చెబుతాలే తల్లీ" అంది. "ముందు నా మేక నేను తెచ్చుకోవాలి."