చక్రాల మీద పుట్టిల్లు

మెలకువ వచ్చాక కూడా ఆవిడ కాసేపు కళ్ళు తెరవదు. కిటికీ అవతల లోకం ఎలా ఉందో ముందు చెవులతో కనుక్కోవాలి, తర్వాతే కళ్ళతో. ఈ చెరువు గట్టున బండి ఆపి వారమైంది. అయినా చెరువు రోజుకో రకంగా ఉంటోంది. ఆ రోజు నీరు ఒడ్డును తడిమి మెల్లగా వెనక్కి జారుకుంటున్న చప్పుడు వినిపించింది. ఎక్కడో ఓ కొంగ రెక్కలు దులుపుకుంది. కళ్ళు తెరిచేసరికి చెరువు పొగమంచు ముసుగుతన్ని పడుకుని ఉంది. అవతలి ఒడ్డున చెట్లు వేళ్ళు లేకుండా గాలిలో తేలుతున్నట్టున్నాయి.

ఆవిడ ఉద్యోగమంతా ఆసుపత్రి దుప్పట్ల గదిలో గడిచింది. నేలకింద గది. ఎండో వానో తెలిసేది కాదు. దుప్పటి తర్వాత దుప్పటి మడతపెడుతూ, ఎదురుగా ఉన్న గోడకి ఒక కిటికీ ఉంటే ఎలా ఉంటుందో ఊహించుకునేది. కొన్నాళ్ళు అందులో సముద్రం పెట్టుకునేది, కొన్నాళ్ళు కొండ. ఆయనేమో సిటీ బస్సు డ్రైవరు. ఊరి చివరిదాకా వెళ్ళడం, అక్కడినుంచి పచ్చగా పరుచుకున్న పొలాల్ని ఒక్కసారి చూసి బస్సు వెనక్కి తిప్పడం. "ఒక్కసారి, ఒకే ఒక్కసారి, తిప్పకుండా ముందుకు పోనివ్వాలనుంది" అనేవాడు ఇంటికొచ్చి చెప్పులు విడుస్తూ.

ఇద్దరూ రిటైరయ్యేసరికి అద్దె ఇంటాయన మేడ పడగొట్టి మళ్ళీ కడతానన్నాడు. వేరే ఇల్లు చూద్దామంటే ఇద్దరి పెన్షన్లో పెద్ద ముక్క అద్దెకే పోయేలా ఉంది. అప్పుడు డ్రైవరుగారు ఎక్కడో వెతికి పాత బేకరీ వ్యాను ఒకటి కొన్నాడు. తన చేత్తోనే మంచం బిగించాడు, కింద అరలు, పక్కన రెండు పొయ్యిల స్టవ్, పైన నీళ్ళ ట్యాంకు. డీజిలు పొదుపుగా వాడాలి కాబట్టి ఒకచోట ఆగితే ట్యాంకులో నీళ్ళు నిండుకునేదాకా కదలరు. సంత సర్దుకునే వేళకి వెళ్ళి మిగిలిన కూరలు తెచ్చుకుంటారు. హోటళ్ళ జోలికి పోరు. ఎంత పొదుపైనా ఆవిడకి లోటనిపించలేదు. కావలసినంత కిటికీ ఉంది.

"టీ అయిందా, లేక చెరువులోంచి తోడుకోమంటావా?" బయటినుంచి ఆయన గొంతు. ముందద్దం తుడుస్తున్నాడు.

"తోడుకోండి. పంచదార మాత్రం నన్నడక్కండి" అంది ఆవిడ స్టవ్ వెలిగిస్తూ.

ఆయన చేతిలో గుడ్డ అద్దం మీదే ఆగిపోయింది. "ఇదిగో, ఇలా చూడు. గట్టు మీద ఆ వచ్చేది మన పిట్ట కాదూ?"

ముప్పై దాటి, ఒక ఆఫీసులో పదిమందికి పని చెప్పే స్థాయికొచ్చినా కూతురు వాళ్ళకి పిట్టే. పొగమంచులోంచి ముందు ఆమె తల, తర్వాత భుజాలు, తర్వాత చేతిలో బ్యాగు బయటపడ్డాయి. ఫోన్ చేయలేదు, కబురు లేదు. ఆదివారం మాట్లాడినప్పుడు ఎక్కడ ఆగారో అడిగితే మాత్రం చెప్పారు.

"ఎలా వచ్చావే ఇంత పొద్దున్నే?" అంటూ ఆవిడ గబగబా దిగింది.

"రెండు బస్సులు మారి వచ్చాను. గట్టు కింద దింపి పోయాడు. చెప్పులనిండా బురద." పిట్ట చుట్టూ చూసింది. తాడు మీద ఆరేసిన తువ్వాళ్ళు, చెట్టుకి తగిలించిన అద్దం, రాతి మీద సబ్బుపెట్టె. "ఇదేం బతుకమ్మా? దారినపోయేవాళ్ళంతా చూస్తుంటే నాన్న చెట్టుకింద గడ్డం గీసుకోవాలా?"

"చూసేవాళ్ళెవరే ఇక్కడ? కొంగలే కదా" అన్నాడు డ్రైవరుగారు. "వాటికి నా గడ్డం మీద ఏ అభ్యంతరమూ లేదు."

పిట్ట నవ్వలేదు. ఎప్పుడూ తండ్రి మాటకి ముందు నవ్వేదీ, తర్వాత కోప్పడేదీ ఆ పిల్లే. ఆవిడకి ఏదో తేడాగా తోచింది. టీ గ్లాసు చేతికిస్తే పిట్ట తాగకుండా పట్టుకుని మంచం చివర కూర్చుంది. ఆ ముగ్గురూ లోపలుంటే నాలుగో మనిషి ఊపిరి పీల్చుకోవడానికి చోటు లేదు.

"మొన్న నీకు జ్వరమొస్తే డాక్టరు దొరకడానికి మధ్యాహ్నమైందన్నావు. నాన్న మోకాలు చూస్తే అలా ఉంది. రేపు ఏదైనా అయితే నేనెక్కడికి పరిగెత్తాలి? 'మీ అమ్మావాళ్ళు ఎక్కడుంటారు' అని ఆఫీసులో ఎవరైనా అడిగితే ఏం చెప్పాలి? చెరువు గట్టు మీద ఉంటారని చెప్పనా?"

"చెప్పు. అబద్ధం కాదుగా" అంది ఆవిడ. కూతురి గొంతు పెరిగేసరికి ఆవిడ గొంతూ పెరిగింది. "ఏం, మేం ఎవరి దగ్గరైనా చెయ్యి చాచామా? ఎవరికైనా బరువయ్యామా?"

"బరువవ్వమనే కదమ్మా రెండేళ్ళనుంచీ మొత్తుకుంటున్నాను! వెనకగదికి రంగులు వేయించాను. నాన్న మోకాలి కోసం ఎత్తు తక్కువ మంచం కొన్నాను. వచ్చారా?"

"వచ్చి? ఆ గది కిటికీ తీస్తే పక్కింటివాళ్ళ గోడ. ఉద్యోగం ఉన్నన్నాళ్ళూ గోడ చూశానే నేను. నా ఓపిక ఉన్నన్నాళ్ళు ఇంకేదైనా చూడనివ్వవా?"

"చూడు. అన్నీ చూడు. నేనొక్కదాన్నే కనిపించను నీకు!"

పిట్ట గ్లాసు కింద పెట్టేసి మొహం తిప్పుకుంది. గుమ్మంలో నిలబడ్డ డ్రైవరుగారు కూతురి బ్యాగుని లోపలికి జరపబోయి ఆగాడు. బ్యాగు బరువుగా ఉంది. ఒక పూట ఉండి పోయేవాళ్ళు తెచ్చుకునే బరువు కాదు.

"పిట్టా, ఇన్ని బట్టలెందుకు తెచ్చావమ్మా?" అన్నాడు మెల్లగా.

అంతే. అంతసేపూ ఈటెలా బిగిసి కూర్చున్న పిల్ల ఒక్కసారిగా మంచంమీద ఒరిగిపోయి వెక్కివెక్కి ఏడ్చింది. ఏడుపు మధ్యలోంచి సంగతి ముక్కలు ముక్కలుగా బయటికొచ్చింది. అల్లుడు ఆ వెనకగదిని తన పెదనాన్నకొడుక్కి ఇచ్చేశాడు. ఆ అబ్బాయికి వాళ్ళ ఊళ్ళోనే కొత్త ఉద్యోగం, ఏడాదిపాటు ఉంటాడట. పిట్టని ఒక్కమాట అడగలేదు. ఎందుకలా చేశావంటే, "మీవాళ్ళు ఎలాగూ రారు కదా" అన్నాడు.

"మాటామాటా పెరిగింది. నాకు విలువలేని ఇంట్లో ఉండను, వెళ్ళిపోతానన్నాను. దానికి ఆయన నవ్వాడమ్మా. 'వెళ్ళు. కానీ ముందు ఫోన్ చేసి కనుక్కో, మీ పుట్టిల్లు ఈ వారం ఏ రోడ్డు మీద ఉందో' అన్నాడు."

బయట కొంగ ఒకటి నీళ్ళమీదుగా తక్కువ ఎత్తులో ఎగిరిపోయింది. ముగ్గురిలో ఎవరూ అటు చూడలేదు.

"నాకు జవాబు దొరకలేదు" అంది పిట్ట. "నా స్నేహితురాళ్ళు మొగుడి మీద కోపమొస్తే బ్యాగు సర్దుకుని ఇంటికి పోతారు. నాలుగు రోజులు అమ్మ చేతి అన్నం తిని, పాత మంచంమీద దొర్లి, తిరిగొచ్చేస్తారు. నేను బ్యాగు సర్దుకుని బస్టాండులో నిలబడి, ఈ బండి దగ్గరికి రావాలో వద్దో తేలక రెండు బస్సులు వదిలేశాను. మీరు సంతోషంగా తిరుగుతున్నారని నాకూ సంతోషమే అమ్మా. నిజంగా. కానీ నాకు వెళ్ళడానికి చోటు లేకుండా పోయింది."

ఆవిడ కూతురి తలని ఒళ్ళోకి తీసుకుంది. ఎన్నాళ్ళైందో ఆ జుట్టు తాకి! ఇల్లు ఖాళీ చేసిననాడు గిన్నెలు ఎవరికివ్వాలో, బీరువా ఎవరికమ్మాలో అన్నీ ఆలోచించింది. ఆ ఇంటితోపాటు కూతురు అలిగొచ్చే గుమ్మం కూడా పోతుందని తట్టలేదు. కిటికీ కోసం గుమ్మం వదిలేశానా అనుకుంది.

"బండి అమ్మేద్దామండీ" అంది ఉన్నట్టుండి. "ఎక్కడో ఓ గది చూసుకుందాం. అద్దె కట్టి, మిగిలినదానితో గంజి తాగినా సరే. పిల్లకి రావడానికి ఒక తలుపుండాలి."

అంటూనే ఆవిడ చూపు కిటికీ మీదికి పోయింది. పిట్ట తల ఎత్తి తల్లి మొహంలోకి చూసింది.

డ్రైవరుగారు దిగివెళ్ళి తాడు విప్పాడు, తువ్వాళ్ళు తెచ్చి లోపల పడేశాడు, అద్దం, సబ్బుపెట్టె, బకెట్టు ఒక్కొక్కటే ఎక్కించాడు. తర్వాత వెళ్ళి తన సీట్లో కూర్చుని ఇంజను స్టార్ట్ చేశాడు.

"ఎక్కడికండీ?"

"మన ఇల్లు ఏ రోడ్డు మీదుందో అల్లుడికి తెలీదుట కదా. పాపం, తెలుసుకోవద్దూ? చూపించి వద్దాం."

"నాన్నా, వద్దు! వీధంతా చూస్తుంది!"

"చూడనీ. ముప్పై ఏళ్ళు ఊరంతా చూస్తుండగానే బండి నడిపాను."

మంచు కరిగి ఎండ పల్చగా పరుచుకుంది. బండి నిదానంగా ఊగుతూ పోతుంటే రాత్రంతా కంటిమీద కునుకులేని పిట్ట తల్లి ఒళ్ళోనే నిద్రపోయింది. కిటికీలోంచి చెట్ల నీడలు ఒకదాని వెనక ఒకటి వచ్చి ఆ పిల్ల మొహంమీదుగా జారిపోతున్నాయి. ఆవిడ బయటికి చూడలేదు. పసితనంలో ఆ పిల్ల పగటినిద్ర ఎలా ఉండేదో తనకి తెలియదు, ఆ వేళకి దుప్పట్ల గదిలో ఉండేది. ఇప్పుడు దారి పొడుగునా ఆ మొహాన్నే చూస్తూ కూర్చుంది. ఎక్కువ దూరం పోకుండా ఉంటే బాగుండుననీ, ఎప్పటికీ పోతూనే ఉంటే బాగుండుననీ రెండూ ఒకేసారి అనిపించాయి.

అల్లుడి వీధి ఇరుకు. బస్సులు తిప్పిన చేతికి అదో లెక్కా? రెండు కార్ల మధ్య ఒడుపుగా దూర్చి, సరిగ్గా గేటు ముందు ఆపి హారన్ కొట్టాడు. ఎదురింటావిడ కిటికీలోకొచ్చింది. అల్లుడు చేతిలో దువ్వెనతో పరిగెత్తుకొచ్చాడు. మొహం పాలిపోయి ఉంది. రాత్రంతా అతనూ నిద్రపోలేదని చూస్తేనే తెలుస్తోంది.

"మావయ్యగారూ! తను మీ దగ్గరికే... ఫోన్ ఎత్తడం లేదు, నేను ఎక్కడెక్కడో... రండి, లోపలికి రండి."

"వస్తాం బాబూ. దానికేం. ముందు నువ్వు మా ఇంట్లోకి రా. రెండేళ్ళైంది, అత్తారింటి గడప తొక్కలేదు నువ్వు."

అల్లుడు అటూ ఇటూ చూసి ఎక్కాడు. పొడుగు మనిషి, తల ఠక్కుమని పైకప్పుకి తగిలింది. పిట్ట అప్రయత్నంగా "అయ్యో" అనేసి, అన్నందుకు తనమీద తనే విసుక్కుంది. ఆవిడ స్టూలు జరిపి టీ పెట్టింది. టీ మరిగే చప్పుడొక్కటే. అల్లుడు మోకాళ్ళు గడ్డానికి తగిలేలా ముడుచుకుని కూర్చుని గ్లాసు అందుకున్నాడు.

"హాస్యానికన్నాను అత్తయ్యగారూ" అన్నాడు చివరికి.

"హాస్యమని నాకూ తెలుస్తూనే ఉంది నాయనా" అంది ఆవిడ. "కానీ ఆ మాట పట్టుకుని నా బిడ్డ బస్టాండులో ఒంటరిగా నిలబడింది. మాది చిన్న ఇల్లే. దీనికి వీధి లేదు, నంబరు లేదు. అయినా పిట్ట ఎక్కడ నిలబడి పిలిస్తే ఇది అక్కడికొస్తుంది."

అల్లుడు గ్లాసు పక్కన పెట్టి, పిట్ట వైపు తిరిగి, "తప్పే. రెండూ తప్పే. గది సంగతి, ఆ మాట కూడా. వాడికి రావద్దని చెప్పేస్తాను" అన్నాడు.

"వద్దు. వస్తానన్న మనిషిని ఆపకు" అంది పిట్ట కళ్ళు తుడుచుకుంటూ. "రానీ. అమ్మావాళ్ళకి ఆ గది వద్దు, నేనే పట్టుబట్టాను. కానీ ఇంకెప్పుడూ నన్నడక్కుండా ఇంట్లో ఏదీ తేల్చకు."

"తేల్చను. పద, దిగుదాం మరి."

పిట్ట కదల్లేదు. తల్లినీ తండ్రినీ చూసి, "నువ్వు దిగు. నేను నాలుగు రోజులు పుట్టింటికి వెళ్ళొస్తాను" అంది.

ఆ మాట వినగానే ఆవిడ గబుక్కున స్టవ్ వైపు తిరిగి, ఆరిపోయిన స్టవ్‌నే మళ్ళీ ఆర్పింది. అల్లుడు కాసేపు తెల్లబోయి, తర్వాత మొహమంతా నవ్వు చేసుకున్నాడు. దిగుతూ ఇంకోసారి తల కొట్టుకున్నాడు.

"ఎప్పుడొస్తావు?" అన్నాడు గేటు దగ్గర నిలబడి.

"నాన్న డీజిలు అయిపోయాక!"

ఊరు దాటాక దారికి రెండువైపులా ఏపుగా పెరిగిన పంటచేలు. ఆ దారి ఎటు పోతుందో ముగ్గురిలో ఎవరికీ తెలియదు. పిట్ట మంచంమీద బోర్లా పడుకుని, గడ్డం కిటికీ అంచున ఆనించి, గాలికి జుట్టు వదిలేసింది. పక్కన ఉన్న ఫోన్ మోగింది. ఆఫీసులో స్నేహితురాలు.

"సెలవు పెట్టావట? ఎక్కడున్నావే?"

పిట్ట కిటికీలోంచి చూసింది. పచ్చదనం మీదుగా మబ్బు నీడ ఒకటి బండితోపాటే తాపీగా నడిచొస్తోంది.

"మా అమ్మావాళ్ళింట్లో ఉన్నా" అంది.

ముందు సీట్లో డ్రైవరుగారు ఏమీ విననట్టే గేరు మార్చాడు. ఆవిడ మాత్రం మంచం దగ్గరికొచ్చి, కూతుర్ని కొంచెం అటు జరగమని సైగచేసి, ఆ పక్కనే పడుకుంది.