ముందు ఎవరు మాట్లాడాలి?

భూపాలపల్లిలో బొగ్గుబాయి కార్మికుల క్వార్టర్లలో గట్టయ్య, సాలమ్మల అలక గురించి తెలియనివాళ్లు లేరు. పోట్లాట చిన్నదే, దాని వెనకాల వచ్చే మౌనమే పెద్దది. ఆ రోజుల్లో సాలమ్మ మొగుడితో కాక గోడతో మాట్లాడుతుంది. "అన్నం గిన్నెల ఉన్నది, తినేటోళ్లు తినొచ్చు" అంటుంది. గట్టయ్య తింటాడు, నోరు మాత్రం మెదపడు. పిల్లల పెళ్లిళ్లయినా ఈ ముచ్చట మారలేదు. భయపడాల్సిన సంగతని ఎవరూ అనుకోలేదు.

ఈసారి గొడవ కాటారం ప్రయాణం గురించి. అక్కడున్న తన చెల్లెలింట్లో పండుగకు ఇద్దరం వస్తామని గట్టయ్య ఫోన్లో చెప్పేశాడు.

"నన్ను ఒక్కమాట అడగవా?" అంది సాలమ్మ.

"అడిగేదేమున్నది? నువ్వేమంటవో నాకు తెల్వదా?"

"నా మాట గూడ నువ్వే మాట్లాడుకుంటే ఇగ నాతోని ఏం పని?"

అంతే, మాటలు బంద్.

మూడో రోజు పొద్దున సాలమ్మ నల్లా దగ్గర బోళ్లు తోముతుంటే, నైట్ షిఫ్ట్ దిగిన గట్టయ్యను తోటి కార్మికుడు బాల్‌సింగ్ బండి మీద గేటు దగ్గర దింపి వెళ్లాడు. గట్టయ్య ఆమె ముందుకొచ్చి నిలబడి ఏదో గొణిగాడు. ఆమె తలెత్తలేదు.

"చాయ్ పొయ్యి మీదున్నది, తాగేటోళ్లు తాగొచ్చు" అని చేతిలోని గిన్నెకు చెప్పింది.

అతను లోపలికెళ్లి మంచం మీద కూలబడ్డాడు. కాసేపటికి ఆమే గ్లాసు తెచ్చి పక్కన పెడితే, అతని చేయి తగిలి కింద పడింది. "ఇసిరికొట్టుడు గూడ నేర్చిండు" అని గోడకు చెప్పి నేల తుడిచింది. ఒళ్లు మండిపోయింది ఆమెకు.

కొత్తిమీర కోసం వచ్చిన పక్కింటి సుమలత గడపలోనే ఆగిపోయింది.

"అక్కా, బావ మూతి గట్ల ఒక దిక్కు గుంజుకపోయిందేంది?"

అప్పుడు చూసింది సాలమ్మ. పెదవి పక్కకు జారి చొంగ కారుతోంది. కుడి చేయి వేలాడుతోంది. కళ్లు మాత్రం ఆమెనే చూస్తున్నాయి. వాటిలో భయం ఉంది.

ఆటోలో దవాఖానకు తీసుకెళ్లారు. స్కాన్ చూసి డాక్టరు తొందరగా అడిగాడు.

"మెదడులో రక్తం గడ్డకట్టిందమ్మా. ఇంజక్షన్ ఉంది కానీ కొన్ని గంటల్లోపే ఇవ్వాలి. గడువు దాటాక ఇస్తే ప్రాణానికే ముప్పు. ఎప్పటి నుంచి మాట్లాడటం లేదు?"

"మూడొద్దుల సంది సారు."

"మూడు రోజులా?"

"రోగంతోని కాదు, నా మీద అలిగి." ఏడుపు తన్నుకొచ్చింది. "మాట ఎప్పుడు పడిపోయిందో నాకు తెల్వదు సారు. ఇంట్లనే ఉన్న, గానీ నాకు తెల్వదు."

వెంటనే బాల్‌సింగ్‌కు ఫోన్ చేసింది. "బండి మీద వచ్చేటప్పుడు మా ఆయన మంచిగ మాట్లాడిండా?"

"తోవ పొడుగూత ఒకటే ముచ్చట వదినా. గేటు కాడ దిగుకుంట గూడ, 'ఇయ్యాల నేనే ముందు మాట్లాడత, కాటారం వస్తవా అని అడుగుత' అన్నడు. ఏమైంది?"

సాలమ్మ గోడకు జారగిలబడింది. ఆ గొణుగుడు అదే. అడగడానికే వచ్చి నిలబడ్డాడు, అడగబోతుండగానే మాట పోయింది. తాను మొహం ఎత్తి చూడలేదు.

"పొద్దుగాల ఇంటికి రాంగనే సారు. నల్లా నీళ్లు వచ్చినంక, ఏడింటికి. నా ముందలనే."

"ఇంకా టైముంది" అంటూ డాక్టరు లోపలికి పరుగెత్తాడు.

ఇంజక్షన్ అయ్యాక, మాట వస్తుందో రాదో ఇప్పుడే చెప్పలేమన్నారు. సాలమ్మ మంచం పక్కనే కూర్చుంది. మధ్యాహ్నానికి గట్టయ్య పెదవులు కదిలాయి. ఏవో తెగిన శబ్దాలు.

"నీళ్లు అడుగుతున్నట్టున్నాడు" అంది నర్సు.

"మీరు చెప్పకుండ్రి సిస్టర్, ఆయన్నే చెప్పనియ్యుండ్రి" అంది సాలమ్మ. కన్నీళ్లు తుడుచుకుని, అతని నోటి దగ్గరకు వంగింది.

"చెప్పయ్యా, ఇంటున్న."