గరిటె చెప్పిన చిట్కా

"తరువాత? చక్కెర కరిగి ఎర్రబడ్డాక ఏం చెయ్యాలి?" అని ఉడుత అడిగింది.

భోజనం బెల్లు కొట్టి కాసేపయింది. బడి మెట్ల కింద పిల్లలు డబ్బాలు తెరుచుకుని గుండ్రంగా కూర్చున్నారు. అందరి చూపూ గరిటె మీదే ఉంది.

గరిటె ఆమె అసలు పేరు కాదు. ఎవరు వంట మాటెత్తినా మధ్యలో దూరి కలియబెడుతుందని క్లాసంతా కలిసి పెట్టిన పేరు. ఆమెకు ఆ పేరంటే లోలోపల గర్వమే.

ఉడుత కూడా అసలు పేరు కాదు. ఆ పిల్ల పొట్టిగా, చురుగ్గా ఉంటుంది. ఏది అందుకోవాలన్నా ముందు దేనిమీదికో ఎక్కాలి.

వారానికొకసారి ఈ మెట్ల కింద వంటల ముచ్చట జరుగుతుంది. ఒకరు తమ ఇంటి వంటకం చెప్పాలి. చివర, ఎవరికీ తెలియని చిట్కా ఒకటి చెప్పాలి. చిట్కా బాగుంటే చప్పట్లు. బాగా లేకపోతే "ఉప్పు తక్కువ!" అని కేకలు. ఆ కేక అందరికన్నా ముందు మైకు నోటినుంచి వస్తుంది. వాడు గుసగుసలాడినా పక్క క్లాసుకు వినిపిస్తుంది. అందుకే వాడు మైకు.

ఈ వారం గరిటె వంతు. ఆమె చెబుతున్నది వాళ్ళ నాన్న చేసే బంగారు పాకం. అరటిపండు ముక్కల మీద పోసుకుంటే, గిన్నె అడుగు కూడా నాకాలనిపించే పాకం.

అంతవరకూ ఆమె ఎంతో బాగా చెప్పింది. దళసరి గిన్నె. సన్నని మంట. ఒట్టి చక్కెర. చెంచా పెట్టి కలపకూడదు. గిన్నెనే మెల్లగా అటూ ఇటూ తిప్పాలి. తిప్పుతూ నాన్న పాడుకునే పాట కూడా పాడి వినిపించింది.

"తెల్లగా ఉంటే తొందర వద్దు,
పసుపుగా ఉంటే పరాకు వద్దు..."

అక్కడ ఆమె పాట ఆగిపోయింది.

మూడో పాదం ఆమె ఎప్పుడూ వినలేదు. చక్కెర ఎర్రబడబోయే సమయానికి నాన్న ఏదో ఒక పని చెబుతాడు. "తల్లీ, ఆ తువ్వాలు పట్టుకురా." "తల్లీ, నాన్నమ్మకు పాకం కావాలేమో అడిగి రా." ఆమె వెళ్ళి వచ్చేసరికి గిన్నెలో పాకం తళతళలాడుతూ ఉంటుంది. మధ్యలో ఏం జరిగిందో ఆమెకు తెలియదు. తనకు తెలియదన్న సంగతి కూడా ఈ క్షణం వరకూ ఆమెకు తెలియదు.

"నీళ్ళు పొయ్యాలి" అంది గరిటె. పాకం అన్నాక నీళ్ళు ఉండాలి కదా.

"చన్నీళ్ళా, వేడినీళ్ళా?"

ఉడుత ప్రశ్నలెప్పుడూ ఇంతే. సందు దొరికితే చాలు, దూరిపోతాయి.

"చన్నీళ్ళే."

"కొంచెం కొంచెంగానా, ఒక్కసారేనా?"

'తెలియదు' అన్న మాట గరిటె నాలుక చివరిదాకా వచ్చింది. వచ్చి, అక్కడే కూర్చుంది.

"ఏంటే, చెప్పవేం? ఉప్పు తక్కువా?" అని మైకు పళ్ళు ఇకిలించాడు.

"ఒక్కసారే!" అంది గరిటె గబగబా. "గ్లాసు నిండా తీసుకుని గబుక్కున పోసెయ్యాలి. అదే మా ఇంటి చిట్కా!"

చప్పట్లు మోగాయి. ఉడుత మాత్రం కొట్టలేదు. కళ్ళు మూసుకుని, పెదవులు కదుపుతూ, విన్నదంతా వల్లించుకుంటోంది.

"ఇవాళే చేస్తా" అంది కళ్ళు తెరిచి. "ఇవాళ మా అమ్మ పుట్టినరోజు. పొద్దున్నుంచీ ఆసుపత్రి వార్డులో నిలబడే ఉంటుంది పాపం. తను వచ్చేసరికి టేబుల్ మీద పెట్టేస్తా."

"నీకు స్టవ్ అందుతుందా అసలు?" అన్నాడు మైకు. వాడిది ఉడుత వాళ్ళ పక్కిల్లే.

"స్టూలు ఎందుకుందిరా? రోజూ పాలు కాచేది నేనే."

అందరూ నవ్వారు. గరిటె కూడా నవ్వింది. ఆ నవ్వు సగంలో ఆగింది.

మధ్యాహ్నమంతా లెక్కల టీచర్ బోర్డు మీద భిన్నాలు వేస్తూనే ఉన్నారు. గరిటె తలలో మాత్రం మూడే మాటలు తిరిగాయి. చన్నీళ్ళు. ఒక్కసారి. గబుక్కున. చిన్న చిన్న మాటలు. ఎక్కడినుంచి వచ్చాయో ఆమెకు తెలుసు. ఎక్కడినుంచీ రాలేదు. ఆమే పుట్టించింది.

బడి వదిలేటప్పుడు ఉడుతకు చెప్పేద్దామనుకుంది. కానీ ఉడుత అప్పటికే గేటు దాటింది. వెనక్కి తిరిగి చెయ్యి ఊపింది. మలుపులో మాయమైంది.

'అయినా ఏమవుతుంది? పాకం కాస్త పలచబడుతుంది, అంతే కదా' అనుకుంది గరిటె. అనుకుంది గానీ, అడుగులు బరువుగానే పడ్డాయి.

నాన్న ఆ రోజు పెందరాళే ఇంటికి వచ్చాడు. ఆయన పని కళ్ళజోళ్ళ షాపులో. అద్దాలు అరగదీసి, ఫ్రేముల్లో బిగిస్తాడు.

"నాన్నా, బంగారు పాకంలో పోసేది చన్నీళ్ళా, వేడినీళ్ళా?"

"ఎందుకూ?"

"ఊరికే."

నాన్న ఆమెను పైనుంచి కిందికి ఒకసారి చూశాడు. "పొడుగయ్యావు. ఇంక చూడొచ్చులే. రా, చేసి చూపిస్తా."

నాన్న గిన్నె పెట్టాడు. షాపులో అద్దాలు అరగదీసేటప్పుడు వాడే పెద్ద కళ్ళజోడు తెచ్చి పెట్టుకున్నాడు. ఆ కళ్ళజోడులో ఆయన కప్పలా ఉంటాడని గరిటె ఎన్నోసార్లు నవ్వింది. అది తనను నవ్వించడానికే అనుకుంది.

"నువ్వు గుమ్మం దగ్గరే నిలబడు. గుమ్మం దాటావో, మళ్ళీ తువ్వాలు తేవడానికి పంపిస్తా."

చక్కెర కరిగింది. అంచులు పసుపు రంగుకు తిరిగాయి. పసుపు ముదిరి ఎరుపెక్కింది. నాన్న స్టవ్ ఆపాడు. ఎడమ చేత్తో మూత అందుకుని డాలులా పట్టుకున్నాడు. కుడి చేతిలో పొడుగు కాడ చెంచా, దానిలో కాసిన్ని వేడినీళ్ళు. ఒంటిని వెనక్కి వంచి, చెయ్యి చాపి, మూడో పాదం పాడాడు.

"ఎర్రగా ఉంటే ఎడంగా జరుగు!"

నీళ్ళు గిన్నెలో పడ్డాయి.

గిన్నె బుస్సుమంది. ఆవిరి పైకప్పుదాకా లేచింది. చక్కెర కుతకుతమంటూ పొంగి, నాలుగు వైపులా చిమ్మింది. మూత మీద టపటపా చుక్కలు పడ్డాయి. ఒక చుక్క మూతను తప్పించుకుని వచ్చి, నాన్న కళ్ళజోడు మీద అతుక్కుంది. సరిగ్గా కంటికి ఎదురుగా.

"చూశావా? చెంచాడు వేడినీళ్ళకే ఇంత గోల" అన్నాడు నాన్న. "గ్లాసుడు చన్నీళ్ళు ఒక్కసారి కుమ్మరిస్తే మొహం మొహంలా ఉండదు తల్లీ. అందుకే నిన్ను..."

ఆయన వెనక్కి తిరిగాడు. గుమ్మం దగ్గర గరిటె మొహం పాలిపోయి ఉంది.

"నాన్నా... నేను ఉడుతకు చెప్పాను. చన్నీళ్ళు పొయ్యమన్నాను. ఒక్కసారే పొయ్యమన్నాను. ఇవాళే చేస్తానంది. ఇంట్లో ఎవరూ ఉండరు."

నాన్న ఫోన్ అందుకుని ఉడుత వాళ్ళమ్మకు చేశాడు. స్విచాఫ్. వార్డులో ఉన్నంతసేపూ ఆవిడ ఫోన్ అంతే.

ఆయన చెప్పులు వెతుక్కునేలోగా గరిటె వీధిలో ఉంది.

ఆమె పరుగెత్తింది. ఇస్త్రీ షాపు దాటింది. మందుల షాపు దాటింది. మలుపులో ఒక సైకిలు కీచుమని ఆగింది. "కళ్ళు నెత్తికెక్కాయా?" అని ఎవరో అరిచారు. ఆమె ఆగలేదు. అడుగు అడుగుకూ నాన్న పాట తలలో కొట్టుకుంటోంది. తెల్లగా ఉంటే తొందర వద్దు. ఇప్పుడు తెల్లగానే ఉందా? పసుపుగా ఉంటే పరాకు వద్దు. పసుపుగా మారిందా? స్టూలు మీద నిలబడి ఉంటుంది. గిన్నెకు దగ్గరగా. మొహం గిన్నెకు ఎంతో దగ్గరగా.

ఉడుత ఇల్లు మూడో అంతస్తులో. గరిటె మెట్లు రెండేసి చొప్పున ఎక్కింది. ఆఖరి మెట్ల మీదే కమ్మని వాసన తగిలింది. చక్కెర కరిగే వాసన. ఎప్పుడూ నోరూరించే వాసన. ఇవాళ ఆ వాసనకు ఆమె మిగతా మెట్లు ఒక్క ఊపులో ఎక్కేసింది.

బెల్లు నొక్కింది. తలుపు దబదబా బాదింది.

"ఎవరూ?" లోపలినుంచి ఉడుత గొంతు.

"నేనే! నీళ్ళు పొయ్యకు!"

పరుగుకు గొంతెండిపోయి, మాట పిల్లి కూతలా వచ్చింది.

"ఏంటీ? వినపడట్లేదు! ఫ్యాన్ మోత! ఆగవే, ఎర్రబడింది, నీళ్ళు పోసేసి వచ్చి తీస్తా!"

"వద్దు! వద్దు..." గొంతు పూర్తిగా పోయింది.

పక్కింటి తలుపు తెరుచుకుంది. మైకు బయటికి వచ్చాడు. చేతిలో సగం కొరికిన బిస్కెట్టు ఉంది.

"ఏమైందే? దొంగలు పడ్డట్టు బాదుతున్నావు?"

"గట్టిగా అరువు" అంది గరిటె వాడి చొక్కా పట్టుకుని. "పొయ్యొద్దని అరువు!"

"నువ్వేగా పొయ్యమన్నావు? ఇప్పుడు చిట్కా మార్చావా?"

క్షణం కూడా లేదు. లోపల స్టూలు కిర్రుమంది.

"అది చిట్కా కాదురా. నేను కల్పించాను. నాకు తెలియదు. నేనెప్పుడూ చెయ్యలేదు. అది పేలుతుంది, ఉడుత మొహం కాలిపోతుంది, అరువురా!"

మైకు ఆమె వైపు చూశాడు. బిస్కెట్టు చేతిలోంచి జారింది. తలుపు సందుకు నోరు ఆనించి, గుండెల నిండా గాలి పీల్చాడు.

"ఉడుతా! నీళ్ళు పొయ్యకు! గరిటె చెప్పింది అబద్ధం! స్టవ్ ఆపెయ్! వెనక్కి దూకు!"

ఆ కేక మెట్ల మీదుగా కిందిదాకా దొర్లింది. పై అంతస్తులో ఒక తలుపు తెరుచుకుంది. కింద రెండు తెరుచుకున్నాయి. ఎవరో తాతగారు పేపరు పట్టుకునే బయటికి వచ్చారు. గరిటె చెప్పింది అబద్ధమని ఆ భవనమంతా విన్నది.

గరిటెకు అవేవీ పట్టలేదు. చెవి తలుపుకు ఆనించి నిలబడింది.

లోపల చప్పుడు లేదు.

ఇంకా లేదు.

టక్. స్టవ్ మీట తిరిగిన చప్పుడు. తరువాత ధబ్బున స్టూలు మీదినుంచి దూకిన చప్పుడు.

తలుపు తెరుచుకుంది. ఉడుత ఎదురుగా నిలబడి ఉంది. చేతిలో గ్లాసు. గ్లాసు నిండా నీళ్ళు. ఒక్క చుక్క కూడా తొణకలేదు.

గరిటె ఆ గ్లాసును రెండు చేతులతో అందుకుంది. తీసుకెళ్ళి గుమ్మం పక్కన నేల మీద పెట్టింది.

రొప్పుతూ నాన్న వచ్చాడు. పెద్ద కళ్ళజోడు ఆయన మొహం మీదే ఉంది. వంటింట్లోకి వెళ్ళి కిటికీలు తెరిచాడు. గిన్నెలో చక్కెర నల్లగా మాడి, ఇంకా బుడగలు వేస్తోంది. ఆయన దాన్ని ముట్టుకోలేదు.

"చల్లారనిద్దాం" అన్నాడు. "ఎవరూ దగ్గరికి పోవద్దు."

ఉడుత ఆయన కళ్ళజోడు మీది మరకనే చూస్తోంది. "అదేంటి అంకుల్?"

"చెంచాడు నీళ్ళకు ఎగిరిన చుక్క."

ఉడుత ఆ మరకను చూసింది. గ్లాసును చూసింది. స్టూలును చూసింది. ఆఖరున గరిటెను చూసింది.

"తెలియనప్పుడు ఎందుకు చెప్పావే?"

చప్పట్ల కోసమని చెప్పడానికి గరిటెకు నోరు రాలేదు.

"తప్పు నాది కూడా" అన్నాడు నాన్న నెమ్మదిగా. "ఎందుకు పంపిస్తున్నానో చెప్పకుండానే దీన్ని బయటికి పంపేవాణ్ణి."

ఉడుత మాడిన గిన్నె వైపు తిరిగి, ముక్కు ఎగబీల్చింది. "అమ్మ వచ్చేస్తుంది. తనకు పెట్టడానికి ఇంకేం లేదు ఇంట్లో."

ఆ సాయంత్రం ఆవిడ వచ్చేసరికి టేబుల్ మీద అరటిపండు ముక్కలున్నాయి. పక్కన, నాన్న తమ ఇంటినుంచి తెచ్చిన పాకం ఉంది. జరిగిందంతా గరిటే చెప్పింది, తల వంచుకుని, మొదటినుంచి చివరిదాకా. ఆవిడ వింటూ వింటూ ఉడుతను ఒళ్ళోకి లాక్కుంది. చాలాసేపు వదల్లేదు. గరిటెను కోప్పడలేదు. కోప్పడి ఉంటే బాగుండుననిపించింది గరిటెకు.

గిన్నె చల్లారాక వేడినీళ్ళలో నానబెట్టి, గరిటే తోమింది. వేళ్ళు ముడతలు పడేదాకా తోమింది.

మరుసటి వారం ఉడుత ఆమెతో మాట్లాడింది, కానీ ఏమీ అడగలేదు. పెన్సిలు ఇచ్చింది, పుచ్చుకుంది. ప్రశ్నలు మాత్రం లేవు. ఉడుత ప్రశ్నలు అడగకపోతే బడి ఇంత నిశ్శబ్దంగా ఉంటుందని గరిటెకు అంతవరకూ తెలియదు.

మళ్ళీ మెట్ల కింద గుండ్రంగా కూర్చునే రోజు వచ్చింది. ఈసారి చెప్పవలసిన పిల్లకు జ్వరం. "గరిటే చెబుతుందిలే" అన్నారెవరో. ఒకరిద్దరు కిసుక్కున నవ్వారు.

గరిటె నాన్నమ్మ చేసే రొట్టె గురించి మొదలుపెట్టింది. పిండి ఎంత, పాలెంత, ఎంతసేపు పిసకాలి. ఇదంతా ఆమె తన చేతులతో చేసిందే.

"పిసికాక తడిగుడ్డ కప్పి పక్కన పెట్టాలి. పొంగుతుంది."

"ఎంతసేపు పెట్టాలి?" అన్నాడు మైకు.

గరిటె నోరు తెరిచింది. 'గంట' అన్న మాట సిద్ధంగా ఉంది. ఎంత సులువైన మాటో! ఎవరికి తెలుస్తుంది?

ఆమె నోరు మూసుకుంది. మళ్ళీ తెరిచింది.

"నాకు తెలియదు. పిండి కప్పాక నేను ఆడుకోవడానికి వెళ్ళిపోతాను. ఆ చోట నేనుండను."

మైకు 'ఉప్పు తక్కువ' అనడానికి నోరు తెరిచాడు. ఉడుత వైపు చూసి, అన్నం ముద్ద పెట్టుకున్నాడు.

"నాన్నమ్మను అడిగి, పక్కనే కూర్చుని చూసి, అప్పుడు చెబుతా" అంది గరిటె.

ఎవరూ చప్పట్లు కొట్టలేదు. డబ్బాలు మూస్తున్న చప్పుడు మొదలైంది.

ఉడుత తన డబ్బా తీసుకుని, జరిగి జరిగి, గరిటె పక్కకు వచ్చి కూర్చుంది.

"తడిగుడ్డ ఎందుకే? పొడిగుడ్డ అయితే ఏమవుతుంది?" అని అడిగింది.