రాళ్లకుప్ప దగ్గర ఆపిన జీపు

పెనుకొండ నుంచి సోమందేపల్లికి కొండవార పాత దారి ఒకటి ఉంది. హైవే వచ్చాక దాన్ని పట్టించుకునేవాళ్లు తగ్గారు. ఆ కొద్దిమందీ పొద్దు గూకితే అటు పోరు... ఎందుకంటే ఆ దారి కిందికి దిగేచోట మల్లప్ప కుప్ప ఉంది.

మల్లప్ప గొర్రెల కాపరి. చాన్నాళ్ల కిందట అక్కడే లారీ గుద్ది పోయాడు. అలా దారిలో పోయినవాడికి, వచ్చేపోయేవాళ్లు తలా ఒక రాయి వేస్తారు. వేసి వేసి అది నడుమెత్తు కుప్పయింది. వాటికి ఎవరో సున్నం కూడా కొడతారు. రాయి వేస్తే మల్లప్ప ఊరుకుంటాడు. తీస్తే మాత్రం — వెంట వస్తాడు. ఈ సంగతి మా ఊళ్లో పాలు తాగే పిల్లలకు కూడా తెలుసు.

హిందూపురం అన్వర్‌కు తెలియదు. తెలిసినా లెక్కచేసే రకం కాదులెండి. పాత ఫోర్‌వీల్ జీపు ఒకటి కొని, అది ఎక్కని కొండ లేదని మా చెవులు చిల్లులు పడేలా చెప్పేవాడు. ఇదీ అతను చెప్పగా విన్నదే.

పోయిన చలికాలం తాడిమర్రిలో పెండ్లి చూసుకుని, భార్య షాహిస్తాతో తిరిగొస్తున్నాడు. ఆమెకు ఏడో నెల. వెనక సీట్లో నిద్రపోతోంది. హైవే మీద లారీలు బారులు తీరాయని జీపును ఈ దారికి తిప్పాడు. అప్పుడే పొద్దు గూకింది.

ఎత్తు ఎక్కి దిగుడులోకి రాగానే ఇంజన్ మరిగింది. హ్యాండ్‌బ్రేక్ అంతంత మాత్రం. ఆ గాభరాలో గేరులో వేసి ఆపడం మరిచాడు. పక్కనే తెల్లగా కనిపించిన కుప్పలోంచి ఒక రాయి లాగి, చక్రానికి అడ్డం పెట్టి, క్యాను పట్టుకుని కాస్త దూరంలో ఉన్న బోరు దగ్గరికి పోయాడు.

నీళ్లు పడుతుంటే వెనక... గరగరమని చప్పుడు.

తిరిగి చూశాడు. జీపు దానంతటదే దారి దిగి పోతోంది. ముందు — గట్టు లేని పాత బావి.

క్యాను పారేసి పరుగెత్తాడు. అయిపోయింది అనుకున్నాడు... బావి అంచున జీపు టక్కున ఆగింది. ముందు చక్రం ఒకటి గాల్లో వేలాడుతోంది.

"ఏమాయె?" లోపలి నుంచి షాహిస్తా గొంతు.

"కదలాకు... ఆడనే ఉండు."

వెనక బంపర్ ఎక్కి బరువేశాడు. అలాగే వేలాడుతూ, సోమందేపల్లిలో ట్రాక్టర్ ఉన్న స్నేహితుడు శంకరప్పకు ఫోన్ చేశాడు. షాహిస్తాను దించాలంటే తలుపు తీయాలి. తలుపు తీయాలంటే తను దిగాలి. కాలు కింద పెట్టగానే — జీపు ముందుకు ఒరుగుతోంది.

ఫోన్ లైటు కొంచెం ఎగువన ఉన్న కుప్ప మీద పడింది. తను రాయి లాగిన చోట బొక్క లేదు... రాయి మళ్లీ దాని చోట్లో కూర్చుని ఉంది.

బంపర్‌ను ఇంకా గట్టిగా పట్టుకున్నాడు.

కుప్ప వెనక నుంచి తెల్లటి జుట్టు లేచింది. నిలబడింది. మెల్లగా నడిచొచ్చి, బంపర్ మూలన కూర్చుంది.

"నేను బరువేస్తా. ఆడబిడ్డను దించు నాయనా," అంది గుసగుసగా.

దెయ్యమో మనిషో ఆలోచించే తీరిక లేదు. తలుపు తీసి షాహిస్తాను రెండు చేతులా దించాడు. ఆమెను దూరంగా కూర్చోబెట్టాక, నేల మీద కూలబడి ఏడ్చేశాడు.

శంకరప్ప వచ్చి గొలుసు కట్టి జీపును వెనక్కి లాగాడు. అప్పుడు ముసలామె మొహం మీద లైటు వేశాడు.

"వెంకటక్కా, ఈ చీకట్లో ఈడేం చేస్తాండావు?"

మల్లప్ప తల్లి. కుప్ప దగ్గర దీపం పెట్టడానికి వచ్చిందట.

"ఎవురో కుప్ప చెరిపినారని కోపమొచ్చె," అంది. "చక్రం కింద రాయి తీసి మళ్లీ కుప్పలోనే పెడితి. బండి నిలబడుకోనే ఉండె. కుప్ప ఎనక్కి పోయినాంక కదిలింది... లోపల మనిషుండేది నాకు తెలీదప్పా."

అన్వర్ నోటిదాకా తిట్టు వచ్చింది. షాహిస్తా అతని చెయ్యి పట్టుకుంది.

ఈలోగా శంకరప్ప బావి అంచున లైటు వేసి చూస్తున్నాడు. రెండో ముందు చక్రం ఆగిన చోట, మట్టిలో సగం దిగి ఒక రాయి. సున్నం కొట్టిన రాయి.

"ఇదీ నువ్వే పెట్టినావా అవ్వా?" అన్నాడు అన్వర్.

"లేదప్పా. నేను ముట్టింది ఒక్కటే."

వెంకటక్క వంగి ఆ రాయిని చాలాసేపు తడిమింది.

"నేను తీసినాను," అంది మెల్లగా. "వాడు పెట్టినాడు."