భీమవ్వ మీద మోపిన బాణామతి

నిజామాబాద్ గంజ్ దగ్గర ప్రైవేటు డిటెక్టివ్ రామ్‌దాస్ ఆఫీసులోకి వచ్చిన గంగమణి కుర్చీ చూపించినా కూర్చోలేదు.

"సారూ, శుక్రవారం పంచాయతిల, మంత్రం పలుకకుంట మా అవ్వ పండ్లు పీకుతరట. బాణామతి చేసిందంటున్నరు."

దేశానికి స్వాతంత్ర్యం వచ్చి ఇరవై ఏళ్లయింది. ఇంకా పళ్లు పీకడమేమిటని రామ్‌దాస్ ముఖం చిట్లించాడు. అసిస్టెంటు జమీల్ ఆమెకు మంచినీళ్లిచ్చి, జరిగింది నెమ్మదిగా చెప్పించాడు.

వాళ్లది బోధన్ పక్క పల్లె. చెరకు సీజన్ మొదలైనప్పటి నుంచి ఊళ్లో వాంతులు, విరేచనాలు. పసిపిల్లలు కూడా పోయారు. చివరగా పోశన్న అనే రైతు తన కొడుకును పోగొట్టుకున్నాడు. గంగమణి తల్లి భీమవ్వ మంత్రసాని, వేరుమందులు తెలిసిన మనిషి. ఊరు అంటరానివాళ్లని వెలుపల పెట్టిన వాడలో ఉంటుంది. ఆ వాడలో ఒక్కరికీ జబ్బు రాలేదు. తనవాళ్లను కాపాడుకుని ఊరి మీద ప్రయోగం చేసిందని తేల్చేశారు. అంతకంటే రుజువు వాళ్లకు అక్కర్లేకపోయింది.

మర్నాడు రామ్‌దాస్ నేరుగా ఊరి బావి దగ్గరికి వెళ్లాడు. చేదిన నీళ్లలో పులిసిన చెరకు మడ్డి, మొలాసిస్ కంపు. సీజన్‌లో ఇక్కడ కట్టుకున్న బట్టలూ అదే వాసనేస్తాయి, ఎవరు పట్టించుకుంటారన్నాడు నీళ్లు చేదుతున్న పోశన్న.

"వాడవాళ్లు గీ నీళ్లే తాగుతరా?" అని రామ్‌దాస్ అడిగాడు.

పోశన్న నొచ్చుకున్నాడు. "వాళ్లను మా గిలక ముట్టనిస్తమా సారూ? కాలువ అవతల వాళ్ల బాయి వాళ్లకున్నది."

అదేదో ఘనకార్యమైనట్టు చెప్పాడు.

బావికి ఎగువన బాపురావు పటేలు బట్టీ ఉంది. మొలాసిస్ పులియబెట్టి, మరిగించి స్పిరిట్ తీస్తారు. పంచాయతీ పిలిచింది కూడా ఆయనే. ఆదరంగా టీ ఇప్పించాడు. ఇంతలో కాలువ నీళ్ల డ్రమ్ముతో ఎడ్లబండి ఆయన ఇంటి ముందు ఆగింది. తన ఒంటికి వేడి అనీ, కాలువ నీళ్లు చలువనీ అన్నాడు. ఈ బండి ఎప్పటి నుంచని అడిగితే, ఈ సీజన్‌కు బట్టీ వెలిగించిన వారం నుంచని బండివాడు చెప్పాడు. బట్టీలో మిగిలే మురికి సంగతి అడిగితే ఎండకు ఎండిపోతుందని పటేలు నవ్వేశాడు.

బయటికి వచ్చాక రామ్‌దాస్ జమీల్‌ను ప్రహరీ చుట్టూ తిరిగి రమ్మన్నాడు. రోజంతా మరిగే బట్టీకి మురుగు పారే మోరీ ఒక్కటీ లేదు, ఎక్కడా తడి లేదు. వెనకాల మాత్రం చెరకు చెత్త కప్పిన పాడుబడ్డ మోట బావి. దాని మీద ఈగలు మూగుతున్నాయి. చెత్త తొలగించి లోపల కుళ్లుతున్న బట్టీ మురికిని చూసిన జమీల్ పక్కకెళ్లి వాంతి చేసుకున్నాడు.

జమీల్‌ది బట్టలకు రంగులేసే కుటుంబం. ఇంటి నుంచి తెచ్చిన ఆకుపచ్చ రంగంతా ఆ సాయంత్రమే ఆ పాడుబావిలో కలిపాడు. ఊరి బావి నీళ్లు ఎవరినీ ముట్టనివ్వొద్దని రామ్‌దాస్ పోశన్నకు గట్టిగా చెప్పి, బోధన్ పోలీసులకు కబురు పెట్టాడు.

శుక్రవారం ఊరంతా చావడి ముందు చేరింది. భీమవ్వ నేల మీద కూర్చుంది. ఆమె ముందు పటకారు పెట్టారు. రామ్‌దాస్ దాని వంక అసహ్యంగా చూసి, ఊరి బావిలోంచి ఒక బొక్కెన తెమ్మని పోశన్నను పంపాడు.

నీళ్లు పచ్చగా వచ్చాయి.

"గీ రంగు మేం మీ బాయిల పొయ్యలేదు. పటేలు బట్టీ ఎనక పాడుబాయిల పోసినం. రెంటికీ ఊట ఒక్కటే. బట్టీ కుళ్లంతా ఆయన అండ్లనే గుమ్మరిస్తున్నడు. అది ఇన్ని దినాలు మీ పిల్లలు తాగిండ్రు," అన్నాడు రామ్‌దాస్. "పటేలుకు తెలుసు. అందుకే బట్టీ ఎలిగించిన వారమే తనకు కాలువ నీళ్లు తెప్పించుకున్నడు. పిల్లలు సస్తుంటే నింద మొయ్యడానికి భీమవ్వ దొరికింది."

"మరి వాడ ఎట్ల బతికింది?" అని ఎవరో అడిగారు.

"మీ బాయి మీరు వాళ్లను ముట్టనియ్యకపోవట్టి."

బాపురావు ఎండాకాలం రాగానే ఆ బావి పూడ్పిద్దామనుకున్నానని గొణిగాడు. పోశన్న పటకారు అందుకుని మీదికి ఉరికాడు. పోలీసులు అడ్డుపడి పటేలును పట్టుకుని జీపు వైపు నడిపించారు. ఇంత లోతు ఎలా పట్టారు సాబ్ అని జమీల్ అబ్బురపడుతుంటే, ఇందులో లోతేముంది, అంతా కంపేగా అన్నాడు రామ్‌దాస్.

గంగమణితో కలిసి వాళ్లు కాలువ దాటేసరికి వాడ బావి చుట్టూ ఊరి బిందెలు నిండిపోయాయి. కుండ తీసుకుని వచ్చిన భీమవ్వకు పోశన్న అడ్డం నిలబడ్డాడు. చేదతాడు అప్పుడే అతని చేతిలోకి వచ్చేసింది.

"జర దూరం ఉండు భీమవ్వా. ఊరోళ్లు తాగే నీళ్లు. తాడు ముట్టకు, మేమే పోస్తం."

రామ్‌దాస్ కాలువ గట్టు మీద జీపు ఎక్కుతున్న పోలీసు జమేదారును పిలిచి, అంటరానిదని ఆపడం కూడా నేరమేనన్నాడు. జమేదారు అది ఊరి వ్యవహారమని చెప్పి జీపు పోనిచ్చాడు. రామ్‌దాస్ కాండ్రించి ఉమ్మేశాడు.

భీమవ్వ కుండ పట్టుకుని, తమ వాడ బావి దగ్గరే, ఎవరైనా నీళ్లు పోస్తారేమోనని నిలబడింది.