ఎదురింటికి పంపిన డబ్బా

"జడ్జి సుగిహార్తోను లేపేస్తారు. ఈ వారంలోనే. ఎలాగో కనుక్కో."

కర్నల్ హెర్లీనా బ్రీఫింగ్ అంతే. మర్నాటికల్లా ఏజెంట్ విర్యో సోలో నగరంలో, జడ్జిగారి సందులో, బక్సో బండి పెట్టేశాడు. పైన మాంసపుండల పులుసు, కింద పిస్టల్, కాలర్‌లో మైక్.

జడ్జిగారి ఎదురింట్లో దిగినవాడు జాబిర్. సముద్రం అవతలి ముఠా పంపిన బాంబుల మేస్త్రి. అతని పెళ్ళాం సెకార్ ఒకప్పటి నాట్యగత్తె. ఇప్పటికీ ఆమె వీధిలోకి వస్తే సైకిళ్ళు గోడలకు గుద్దుకుంటాయి. మొగుడి రహస్యాలు విర్యోకు చేరవేసేది ఆవిడే.

ఆ రోజూ గిన్నె చాపింది.

"ఈ రేటుకి ఆరుండలేంటన్నా? నువ్వు పోలీసని పసిపిల్లకి కూడా తెలిసిపోద్ది. నాలుగెయ్యి."

"కబురేమైనా ఉందా?"

"ఏం లేదు."

"నిన్నూ నీ పాపనూ కాపాడతామని మాటిచ్చాను. దాచకమ్మా."

"లేదంటున్నాగా," అందామె, నేల చూపులు చూస్తూ.

ఆ మధ్యాహ్నం జడ్జిగారింట్లో, చనిపోయిన ఆయన తల్లి పేరిట ప్రార్థన. సందులోని మగాళ్ళంతా చాపల మీద కూర్చున్నారు. ఎవరి ముందు వాళ్ళకు భోజనం డబ్బా. పొద్దున్నే జాబిర్ వంటవాళ్ళలో కలిసిపోయి, జడ్జి కూర్చునే చోట తన డబ్బా పెట్టి జారుకున్నాడు. మూత లేపితే పేలుతుంది.

మహా మేధావి. కానీ ఆ ఊళ్ళో ఇంటాయన అక్కడే కూర్చుని తినడని వాడికి తెలియదు. ప్రార్థన కాగానే ఎవరి డబ్బా వాళ్ళు ఇంటికి పట్టుకుపోతారు. రానివాళ్ళకు ఇంటికే పంపుతారు. జడ్జి తన ముందున్న డబ్బా పనివాడికి అందించి, "ఎదురింటి పాపకిచ్చిరా" అన్నాడు.

గుమ్మంలో పాప నింగ్రుమ్ అందుకుంది. లోపలి నుంచి వచ్చిన సెకార్ డబ్బాకున్న తాడు చూసింది. ఆ ముడి మొగుడిదే.

"అన్నా, బాంబు!"

విర్యో ఒక్క గెంతులో వీధి దాటాడు. అప్పటికే పాప తాడు లాగేసి మూత కింద బొటనవేలు దూర్చింది. అరచేత్తో మూతను అదిమిపట్టి, రెండో చేత్తో పాపను పక్కకు తోశాడు. బాంబ్ స్క్వాడ్ వచ్చేదాకా ఆ చెయ్యి తియ్యలేదు. వీధి బతికిపోయింది.

సెకార్ కూలబడి ఏడ్చింది.

"నాకు పొద్దున్నే తెలుసన్నా. చెప్తే పాప పీక కోస్తానన్నాడు."

మైక్ ఆన్‌లోనే ఉంది. ఇయర్‌పీస్‌లో కర్నల్ గొంతు వినిపించింది.

"అరెస్టు చెయ్. ఉగ్రవాద సమాచారం దాచడం నేరం."

"మేడమ్, ఆమె మన మనిషి."

"మన మనుషులకి వేరే సెక్షన్ లేదు విర్యో."

బేడీలు పడుతుంటే ఆమె ఒక్కటే అడిగింది. "మాటిచ్చావుగా అన్నా?"

విర్యో సిగ్గుతో చచ్చిపోయాడు. అయినా తాళం బిగించాడు.

సాయంత్రానికి జాబిర్ రైల్వే స్టేషన్‌లో దొరికాడు. రెండు దెబ్బలు పడకముందే ముఠా పేర్లన్నీ కక్కి అప్రూవర్‌గా మారాడు. అవతలి దేశంలో పెద్ద తలకాయలు పట్టుబడ్డాయి. కర్నల్‌కు పతకం వచ్చింది. సెకార్‌కు జైలు, జాబిర్‌కు క్షమాభిక్ష.

ఇక పాపను ఎవరికివ్వాలన్నది తేలాలి. తల్లి ఉగ్రవాద కేసులో ఖైదీ. కోర్టు బాగా ఆలోచించి, సత్ప్రవర్తన గల తండ్రికి అప్పగించింది.